డీఎన్ఏ కలిసిందంటే నేరం రుజువైనట్టేనా?

పాఠకుల ప్రశ్నలు, మా ఫోరెన్సిక్ నిపుణురాలి జవాబులు

ఉద్యోగమంతా ఫోరెన్సిక్ ప్రయోగశాలలో రక్తపు మరకలతో, స్వాబులతో (నమూనా తుడిచి తీసే దూది పుల్లలతో) గడిపి రిటైరైనదాన్ని. ఈసారి సంపాదకులు పంపిన ఉత్తరాల కట్టలో సగానికి పైగా డీఎన్ఏ డేటాబేస్ గురించే ఉన్నాయి. ఒకే సంగతి అడిగినవాళ్ల ఉత్తరాలు కలిపి ఒక్క ప్రశ్నగా చేశాను. సీరియళ్లలో కంప్యూటర్ తెర మీద మొహాలు గిరగిరా తిరిగి ఒక ఫొటో దగ్గర టక్కున ఆగడం నిజమేనా అని అడిగిన పెద్దమనిషికి ఇక్కడే చెప్పేస్తాను: కాదండీ. అక్కడ మొహాలుండవు, అంకెలుంటాయి.

ప్రశ్న: సంఘటన స్థలంలో దొరికిన రక్తపు చుక్క ఎవరిదో కంప్యూటర్ ఎలా చెబుతుంది? డీఎన్ఏ మొత్తం చదువుతుందా? – ఒక డిగ్రీ విద్యార్థిని

మొత్తం చదవదు. చదవాల్సిన అవసరమూ లేదు. మనిషి డీఎన్ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే, అందులో చాలా భాగం నాకూ మీకూ ఒకటే. పోలీసులకు కావలసింది తేడా. అందుకని మనిషికీ మనిషికీ బాగా తేడా కనిపించే కొన్ని చోట్లను మాత్రం ఏరి పెట్టుకున్నారు. వాటిని మార్కర్లు అంటాం. ఆ చోట్ల చాలావరకు నాలుగేసి అక్షరాల ముక్క ఒకదాని వెంట ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది, తకధిమి తకధిమి అన్నట్టు. ఒకరికి ఆరుసార్లు, ఇంకొకరికి ఎనిమిదిసార్లు. అది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడమే మా పని.

ఒక మార్కర్‌ను దగ్గరగా చూపిస్తాను. టీహెచ్01 అనే మార్కర్ 11వ క్రోమోజోము మీద ఉంటుంది. ఆ క్రోమోజోము అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది కాబట్టి అక్కడ రెండు అంకెలు రావాలి. మీ పరీక్ష ఫలితం చూపే గ్రాఫులో 6, 9.3 అని వచ్చిందనుకోండి. ఒకవైపు నుంచి వచ్చిన దానిలో ఆ ముక్క ఆరుసార్లు ఉంది. రెండోవైపు తొమ్మిది నిండు ముక్కలు, మూడు అక్షరాలే ఉన్న ఒక కురచ ముక్క ఉన్నాయి. పాయింటు తరువాతి 3కు అర్థం అదే. కొత్తగా చేరినవాళ్లు దీన్ని దశాంశం అనుకుని తొమ్మిదింబావు కంటే కాస్త ఎక్కువని చదువుతారు! ఇద్దరి నుంచీ ఒకే అంకె వస్తే గ్రాఫులో ఒక్క శిఖరమే, మామూలు కంటే పొడవుగా లేస్తుంది.

ఇక రక్తపు చుక్క ప్రయాణం. ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి వాటితో మాకు పని లేదు. తెల్లకణాల నుంచి డీఎన్ఏ బయటికి తీస్తాం. ఎంత వచ్చిందో కొలుస్తాం. ఆ తరువాత పీసీఆర్ యంత్రంలో పెడతాం. 1983లో కేరీ ముల్లిస్‌కు తట్టిన ఉపాయం అది. ఒక్కో విడతకు ముక్కలు రెట్టింపవుతాయి. 30 విడతలు అనుకున్నట్టే సాగితే ఒక్క ముక్క 100 కోట్లు దాటుతుంది. ఆ ముక్కలకు రంగులు అంటించి, వెంట్రుకంత సన్నటి గాజు గొట్టంలోంచి పరుగెత్తిస్తే పొట్టివి ముందు, పొడవువి వెనుక వస్తాయి. ఆ వరస గ్రాఫు మీద శిఖరాలుగా పడుతుంది. దాన్ని ఒక నిపుణుడు చదివాక, ఆయన ఏం రాశాడో చూడకుండా రెండోవారు చదవాలి. ఇద్దరి పట్టికా ఒకటైతేనే అది ప్రొఫైల్. పక్కన అమెలోజెనిన్ అనే ఇంకో గుర్తు ఉంటుంది. అది ఆడా మగా చెబుతుంది.

డేటాబేస్‌లోకి వెళ్లేది ఈ అంకెల వరసే. జాతీయ స్థాయి డేటాబేస్ మొదట పెట్టింది బ్రిటన్, 1995 ఏప్రిల్‌లో. అప్పుడు చూసినవి 6 మార్కర్లే. 1999లో 10కి, 2014లో 16కి పెంచారు. అమెరికా జాతీయ డేటాబేస్ 1998లో 13 మార్కర్లతో మొదలై, 2017 జనవరి నుంచి 20తో నడుస్తోంది. అంటే ఒక మనిషికి 40 అంకెలు. వాటిని పోల్చడం కంప్యూటర్‌కు చిటికెలో పని.

డేటాబేస్ అన్నది ఒకటే కుప్ప కాదని తెలిస్తే మిగతాదంతా తేలిక. ఒకవైపు మనుషుల ప్రొఫైళ్లు, రెండోవైపు సంఘటన స్థలాల్లో దొరికినవి. కొత్తగా ఒక మనిషి ప్రొఫైల్ చేరితే పాత స్థలాలన్నిటితో పోలుస్తారు. కొత్త స్థలం చేరితే మనుషులందరితోనూ, మిగతా స్థలాలతోనూ పోలుస్తారు. నా దృష్టిలో ఈ రెండో పోలికే గొప్పది. మనిషి ఎవరో తెలియకపోయినా, వేర్వేరు ఊళ్లలో జరిగిన మూడు నేరాలు ఒకడి పనేనని చెప్పగలదు. అంతవరకు ఎవరి ఫైలు వారు తిరగేస్తున్న మూడు ఠాణాల వాళ్లు ఆ రోజు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు. బ్రిటన్‌లో కొత్తగా చేర్చే స్థలాల ప్రొఫైళ్లలో నూటికి 60కి పైగా ఎవరో ఒకరితో కలుస్తున్నాయి.

అమెరికా జాతీయ డేటాబేస్‌లో పేరు కూడా ఉండదు. ల్యాబ్ సంకేతం, నమూనా నంబరు, పరీక్ష చేసినవారి గుర్తు, అంకెలు, అంతే. కలిసినప్పుడు రెండు ల్యాబుల వాళ్లు మాట్లాడుకుని గ్రాఫులు మళ్లీ చూస్తారు. ఆ తరువాతే మనిషి నమూనా ఉన్న ల్యాబ్ తన రికార్డు తెరిచి పేరు బయటపెడుతుంది. అక్కడితోనూ అయిపోదు. ఆ మనిషి నుంచి కొత్తగా బుగ్గ లోపలి స్వాబ్ తీసుకుని, మొదటి నుంచి పరీక్ష చేయాలి. కోర్టులో నిలబడేది ఆ రెండో పరీక్ష.

ప్రశ్న: రాలిపోయిన వెంట్రుక చాలా? గ్లాసు అంచు మీద ఎంగిలి? నమూనాలను ప్లాస్టిక్ సంచిలో కాక కాగితం కవరులో ఎందుకు పెడతారు? – ఒక ఉపాధ్యాయుడు

వెంట్రుకకు కుదురుంటే మేలు. పెరికినప్పుడు వచ్చే కుదురులో కణాలుంటాయి. దానంతట అది రాలిన వెంట్రుకలో మామూలు ప్రొఫైల్ దొరకడం కష్టం. దాని కాడలో మైటోకాండ్రియా డీఎన్ఏ, అంటే కణంలో కేంద్రకం బయట ఉండే డీఎన్ఏ ఉంటుంది. అది తల్లి వైపు నుంచే వస్తుంది కనుక తల్లికీ పిల్లలకూ ఒకేలా ఉంటుంది. మనిషిని తేల్చదు, వంశాన్ని చెబుతుంది. ఎంగిలి గ్లాసు, సిగరెట్ పీక, టోపీ లోపలి పట్టీ, ఇవన్నీ మాకు ఇష్టమైన వస్తువులు.

కాగితం సంగతి మంచి ప్రశ్న. తడి మరకను ప్లాస్టిక్‌లో మూసేస్తే చెమ్మ పట్టి బ్యాక్టీరియా పెరుగుతుంది, డీఎన్ఏను తినేస్తుంది. కాగితం గాలి ఆడనిస్తుంది. మరకను ముందు ఆరబెట్టాలి, తరువాత కవరులో పెట్టాలి, ఒక్కో వస్తువుకు ఒక్కో కవరు, అంటుకున్న చోట సంతకం పడేలా సీలు. చొక్కా, చాకు ఒకే సంచిలో వచ్చిన కేసుల్లో ఏది దేన్ని అంటించిందో ఆ భగవంతుడే చెప్పాలి.

ప్రశ్న: నా ప్రొఫైల్ పోలీసుల దగ్గర ఉంటే నా జబ్బులు, నా రూపం, నా కుటుంబ రహస్యాలు వాళ్లకు తెలిసిపోతాయా? – ఒక గృహిణి

ప్రొఫైల్‌కూ నమూనాకూ తేడా చూడండి. ప్రొఫైల్ అంటే పైన చెప్పిన అంకెలు. వాటిలో రంగు, ఎత్తు, గుణం ఏవీ ఉండవు. అలా ఏవీ చెప్పవనే ఆ చోట్లను ఎంచుకున్నారు. అయితే ఏమీ చెప్పవని ఒట్టేయలేను. 21వ క్రోమోజోము మీద డీ21ఎస్11 అనే మార్కర్ ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి ఆ క్రోమోజోము మూడుంటాయి కాబట్టి అక్కడ మూడు శిఖరాలు రావచ్చు. తండ్రీ బిడ్డల అంకెలు పక్కపక్కన పెడితే బంధుత్వం ఉందో లేదో కూడా తెలుస్తుంది. కొన్ని ఇళ్లలో అది చిన్న విషయం కాదు.

నమూనా వేరు. ఫ్రీజర్‌లో దాచిన ఆ స్వాబ్‌లో మీ డీఎన్ఏ అంతా ఉంటుంది. రేపు దాన్ని ఏమైనా అడగవచ్చు. నాకున్న భయమల్లా దీని గురించే, అంకెల గురించి కాదు. బ్రిటన్‌లో అరెస్టయి, శిక్ష పడని ఇద్దరు తమ ప్రొఫైళ్లు, నమూనాలు తీసేయమని పోరాడితే 2008 డిసెంబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. ఆ ఇద్దరిలో ఒకరు అరెస్టయ్యే నాటికి 11 ఏళ్ల పిల్లవాడు. దాని ఫలితంగా బ్రిటన్ 2012లో చట్టం మార్చింది. ఇప్పుడు అక్కడ నమూనాను మామూలుగా ఆరు నెలల్లోపు నాశనం చేయాలి, అంకెలు మాత్రమే మిగలాలి. ఎక్కడ డేటాబేస్ పెట్టినా మొదట అడగాల్సింది ఇదేనని నా అభిప్రాయం: స్వాబ్‌ను ఎప్పుడు కాల్చేస్తారు?

ప్రశ్న: నిపుణులు కోర్టుకొచ్చి "ఇలా కలిసే అవకాశం ఇన్ని కోట్లలో ఒకటి" అంటారు. ఆ అంకె విన్నాక జడ్జిగారు మా వాదన వినరు. దాన్ని ఎలా ప్రశ్నించాలి? – ఒక యువ న్యాయవాది

మీరు నా పాత శత్రుపక్షం. బోనులో నన్ను అడగకూడదని నేను కోరుకున్నవన్నీ ఇప్పుడు మీకు చెప్పేస్తాను.

మొదట ఎన్ని మార్కర్లు కలిశాయో అడగండి. లెక్క గుణకారంతో వస్తుంది. ఒక మార్కర్ దగ్గర ఆ రెండంకెల జోడీ పదిమందిలో ఒకరికి ఉంటుందనుకుంటే, ఆరు మార్కర్లకు 10 లక్షల్లో ఒకరు, పదింటికి 1000 కోట్లలో ఒకరు. 20 మార్కర్లూ నిండుగా కలిస్తే వచ్చే అంకెతో మీరు పోట్లాడకండి, పరువు పోతుంది. కానీ ఎండకూ వానకూ పాడైన మరకలో నిండు ప్రొఫైల్ రాదు. పొడవు ముక్కలు ముందు చెడిపోతాయి, పొట్టివి మిగులుతాయి. ఎనిమిదో తొమ్మిదో మార్కర్లు మిగిలిన చోట మీకు పని ఉంది.

బ్రిటన్‌లో 1999లో జరిగింది చూడండి. బోల్టన్‌లో ఒక దొంగతనం. అక్కడి నమూనా 6 మార్కర్ల దగ్గర స్విండన్‌కు చెందిన ఒకాయనతో కలిసింది. అవకాశం 3.7 కోట్లలో ఒకటన్నారు. ఆయన పార్కిన్సన్స్ వ్యాధి ముదిరి కారు నడపలేని స్థితిలో ఉన్న మనిషి. ఆ ఊరికీ ఈ ఊరికీ 200 మైళ్ల వరకు దూరం. అయినా అరెస్టు చేశారు. ఆయన న్యాయవాది పట్టుబట్టి 10 మార్కర్లతో మళ్లీ చేయిస్తే కలవలేదు. పట్టుబట్టిన ఆ న్యాయవాదిని మీరు గుర్తుపెట్టుకోండి.

రెండోది, ఆ అంకె దేనికి జవాబో అడగండి. కోటి మంది ఉన్న డేటాబేస్‌లో, 10 లక్షల్లో ఒకరికి ఉండే పాక్షిక ప్రొఫైల్‌ను వెతికారనుకుందాం. నేరంతో ఏ సంబంధం లేకుండానే సుమారు పదిమంది కలుస్తారు. అప్పుడు "ఈ ముద్దాయి నిర్దోషి అయ్యే అవకాశం 10 లక్షల్లో ఒకటి" అని ఎవరైనా అంటే అది తప్పు. ఆ అంకె చెబుతున్నది దారిన పోయే మనిషికి ఈ ప్రొఫైల్ ఉండే అవకాశాన్ని. నేరం చేసి ఉండే అవకాశం గురించి అది ఒక్క మాటా చెప్పదు. నోరు తిరిగిన ప్రాసిక్యూటర్ ఈ రెంటినీ ఒకే ఊపిరిలో కలిపేస్తాడు. మీరు అక్కడే ఆపాలి.

మూడోది, అమెరికాలోని ఆరిజోనా లెక్క. 2001లో అక్కడి ల్యాబ్‌లో ఒక నిపుణురాలికి, బంధుత్వం లేని ఇద్దరి ప్రొఫైళ్లు 13లో 9 మార్కర్ల దగ్గర కలిసి కనిపించాయి. తరువాత కోర్టు ఆదేశంతో 65,493 మంది ఉన్న ఆ డేటాబేస్‌ను దానితోనే పోల్చి చూస్తే, 9 మార్కర్లు కలిసిన జంటలు 122 తేలాయి, 10 కలిసినవి 20. కోట్లలో ఒకటి అన్నది వట్టి మాటేనా అని పెద్ద గొడవైంది. గుణకారంలో దోషం లేదు. 65,493 మందిని అందరినీ అందరితో పోలిస్తే 214 కోట్లకు పైగా జంటలవుతాయి. అన్ని జంటల్లో ఎక్కడో ఒకచోట ఇద్దరు కలవడం వింత కాదు. 11 కలిసిన ఒక జంట, 12 కలిసిన ఒక జంట తోబుట్టువులని తేలింది. దీన్ని చూపించి నిండు ప్రొఫైల్‌ను కొట్టేయలేరు. సగం ప్రొఫైల్ పట్టుకుని పెద్ద మాటలు చెప్పేవారిని మాత్రం నిలదీయవచ్చు. ముద్దాయికి అన్నదమ్ములు ఉన్నారా, వాళ్లను పరీక్షించారా అని కూడా అడగండి.

చివరగా మిశ్రమాలు. తలుపు గడియ మీద ముగ్గురి చేతులు పడితే శిఖరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఏ శిఖరం ఎవరిదో, ఏది యంత్రం తెచ్చిపెట్టిన ఉత్తుత్తి శిఖరమో తేల్చడానికి ఇప్పుడు ఎస్‌టీఆర్‌మిక్స్, ట్రూఅలీల్ లాంటి సాఫ్ట్‌వేర్లు వాడుతున్నారు. మొత్తం ఎంతమంది ఉన్నారన్న ఊహ మాత్రం చాలాసార్లు మనిషే ముందుగా ఇస్తాడు. ముగ్గురని ఇస్తే ఒక జవాబు, నలుగురని ఇస్తే మరో జవాబు రావచ్చు. ఆ ఊహ ఎవరిదో, నిందితుడి ప్రొఫైల్ చూడకముందు చేసినదో తరువాత చేసినదో అడగండి. అడిగి కూర్చోండి. మిగతాది కోర్టు గది చూసుకుంటుంది.

ప్రశ్న: విదేశంలో ఉన్న మా బంధువు సరదాకి వంశవృక్ష పరీక్ష చేయించుకున్నాడు. దానివల్ల మేం కూడా పోలీసుల లెక్కలోకి వచ్చినట్టేనా? – ఒక రిటైర్డ్ ఉద్యోగి

పోలీసు డేటాబేస్‌లోకి రాలేదు. కానీ మీ అనుమానం అర్థం లేనిది కాదు.

కాలిఫోర్నియాలో 1970ల నుంచి 1986 వరకు ఇళ్లలో దూరి అత్యాచారాలు, హత్యలు చేసిన ఒకడు దశాబ్దాలపాటు దొరకలేదు. ప్రొఫైల్ ఉంది, దానితో కలిసేవాడు డేటాబేస్‌లో లేడు. పోలీసుల దగ్గరున్న అంకెలతో తల్లి, తండ్రి, తోబుట్టువుల వరకు పోలిక పట్టవచ్చు, అంతకు మించి కష్టం. వంశవృక్షాల పరీక్షలు అలా కాదు. వాటిలో లక్షల చోట్ల ఒక్కో అక్షరాన్ని చూస్తారు. అందుకే ముత్తాత తండ్రి దగ్గర కలిసే దూరపు బంధువులు కూడా బయటపడతారు. పరిశోధకులు పాత కేసులో దాచిన నమూనాతో అలాంటి ఫైలు తయారు చేయించి జనం తమ పరీక్ష ఫైళ్లు పెట్టుకునే జీఈడీమ్యాచ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టారు. దూరపు బంధువులు తగిలారు. బార్బరా రే-వెంటర్ అనే వంశవృక్ష నిపుణురాలి సాయంతో వెనక్కి వెళ్లి పూర్వీకులను పట్టుకుని, మళ్లీ కిందికి కొమ్మ కొమ్మా దిగుతూ, వయసు, ఊరు సరిపోయేవాళ్లను వడకట్టారు. మిగిలినవాడు జోసెఫ్ జేమ్స్ డిఏంజెలో, ఒకప్పుడు పోలీసు! అతని కారు తలుపు పిడి నుంచి, అతను చెత్తలో పడేసిన టిష్యూ నుంచి తీసిన డీఎన్ఏ కలిశాకే 2018 ఏప్రిల్‌లో అరెస్టు చేశారు. 2020లో 13 హత్యలు ఒప్పుకున్నాడు, యావజ్జీవ శిక్ష పడింది.

అతని అరెస్టుకు ముందు ఏడాది ఇదే వేటలో ఆరెగన్ రాష్ట్రంలో వృద్ధాశ్రమంలో ఉన్న ఒక ముసలాయన దగ్గరికి కూడా వెళ్లి నమూనా తీసుకున్నారు. ఆయన కాదని తేలింది. పత్రికలు దీన్ని ఒక మూల వేశాయి. నన్నడిగితే మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. మీ బంధువు ఉమ్మి ఇచ్చినందువల్ల మీరు నేరస్థులైపోరు. కానీ ఎప్పుడో ఒకరోజు మీ తలుపు తట్టి నమూనా అడగడానికి అదొక కారణం కావచ్చు. 2019లో జీఈడీమ్యాచ్ నిబంధన మార్చింది. వినియోగదారులు ఒప్పుకుంటేనే వాళ్ల ఫైళ్లలో పోలీసులు వెతకాలి. మీ బంధువును తన ఖాతాలో ఆ గడి ఏ స్థితిలో ఉందో చూసుకోమనండి.

దగ్గరి బంధువుల ద్వారా వెతకడం ఇంకా పాతది. బ్రిటన్‌లో వంతెన మీద నుంచి విసిరిన ఇటుక తగిలి ఒక లారీ డ్రైవరు చనిపోయాడు. ఇటుక మీది ప్రొఫైల్ ఎవరితోనూ కలవలేదు. ఒకరితో మాత్రం 20 అంకెల్లో 16 కలిశాయి. అతను దోషి కాడు, దోషికి బంధువు. 2004లో అసలువాడికి శిక్ష పడింది.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి డేటాబేస్ ఉందా? – పలువురు

బ్రిటన్ తరహాలో నడవడానికి డీఎన్ఏ టెక్నాలజీ నియంత్రణ బిల్లు తెచ్చారు. 2019లో లోక్‌సభలో పెట్టారు, 2023లో వెనక్కి తీసుకున్నారు. మరోవైపు 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో 2022లో క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం వచ్చింది. దాని ప్రకారం "కొలతలు" అన్న మాటలో వేలిముద్రలు, కనుపాపలతోపాటు జీవ నమూనాలు, వాటి విశ్లేషణ కూడా ఉన్నాయి. ఆ రికార్డును జాతీయ నేర రికార్డుల బ్యూరో 75 ఏళ్లు ఉంచవచ్చు. అరెస్టయినవాడు జీవ నమూనా ఇవ్వనని అనవచ్చు. మహిళల మీద, పిల్లల మీద నేరాల్లోనూ, ఏడేళ్లు అంతకు మించి శిక్ష పడే నేరాల్లోనూ ఆ వీలు లేదు. ఇంతకు ముందు శిక్ష పడని మనిషి కేసు కొట్టేసినా, చివరి కోర్టు వరకు నిర్దోషిగా తేలినా రికార్డు తొలగించాలి. మేజిస్ట్రేటు కారణం రాసి ఉంచమంటే తప్ప. తొలగించారో లేదో మీరు రాతపూర్వకంగా అడగండి, ఊరికే నమ్మకండి.

ప్రశ్న: డేటాబేస్ లేని రోజుల్లో డీఎన్ఏతో ఎలా పట్టుకున్నారు? – అదే డిగ్రీ విద్యార్థిని, రెండో ఉత్తరంలో

ఊరూరా మగవాళ్ల రక్తం తీసి. బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్ఏ ముద్రల పద్ధతి కనిపెట్టాడు. ఆ దగ్గరి పల్లెల్లో 1983లో, 1986లో ఇద్దరు బాలికలు హత్యకు గురయ్యారు. 17 ఏళ్ల కుర్రాడు ఒకడు రెండో హత్య తానే చేశానని ఒప్పుకున్నాడు. రెండు నేరాలూ ఒకడివేనని, ఆ ఒకడు ఈ కుర్రాడు కాడని జెఫ్రీస్ తేల్చాడు. అంటే నేర పరిశోధనలో డీఎన్ఏ మొదట చేసిన పని ఒకడిని విడిపించడం. తరువాత మూడు పల్లెల్లో సుమారు 5,000 మంది మగవాళ్ల నమూనాలు తీసుకున్నారు. ఒక్కటీ కలవలేదు! అసలువాడు కాలిన్ పిచ్‌ఫోర్క్ తన బదులు తోటి ఉద్యోగిని పంపాడు. ఆ ఉద్యోగి పబ్‌లో కూర్చుని ఆ సంగతి వాగితే, విన్నవాళ్లలో ఒకామె పోలీసులకు చెప్పింది. 1988లో యావజ్జీవం పడింది. ఎంత విజ్ఞానం ఉన్నా చివరికి ఒకామె చెవి కావలసి వచ్చింది.

ప్రశ్న: కవలలను డీఎన్ఏ విడదీయగలదా? – ఒక కవల

ఒకే అండం నుంచి పుట్టినవారైతే పోలీసుల మార్కర్లతో సాధ్యం కాదు. మొత్తం డీఎన్ఏ చదివితే ఏవో కొద్ది తేడాలు దొరకవచ్చు, అది మామూలు పరీక్ష కాదు. వేలిముద్రలు మాత్రం మీ ఇద్దరివీ వేరు. మరో చిత్రం: ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవారి రక్తంలో దాత డీఎన్ఏ ఉంటుంది. నమూనా తీసేటప్పుడు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

ప్రశ్న: మేడం గారూ, మా తమ్ముడు ఎలక్ట్రీషియన్. తను పని చేసి వచ్చిన ఇంట్లో కొన్ని వారాల తరువాత దొంగతనం జరిగింది. స్విచ్ బోర్డు దగ్గర తన డీఎన్ఏ దొరికిందని పిలిచి కూర్చోబెడుతున్నారు. డీఎన్ఏ అబద్ధం చెప్పదు కదా అంటున్నారు. మేం ఏం చేయాలి? – ఒక అక్క

అమ్మా, డీఎన్ఏ అబద్ధం చెప్పదు. కానీ అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఇది ఎవరిది అంటే మీ తమ్ముడిది అంటుంది. ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది అంటే నోరు మెదపదు. మరక వయసు చెప్పే పరీక్ష ప్రొఫైల్‌లో లేదు. స్విచ్ బోర్డు బిగించినవాడి చర్మకణాలు బోర్డు మీద ఉండకపోతేనే ఆశ్చర్యపోవాలి.

చేత్తో తాకితే అంటుకునే ఈ కణాలు మహా చంచలమైనవి. కాలిఫోర్నియాలో 2012లో ఒక హత్య జరిగింది. హతుడి గోళ్ల మీద దొరికిన డీఎన్ఏ డేటాబేస్‌లో ఒక నిరాశ్రయుడితో కలిసింది. అతను నెలల తరబడి జైల్లో ఉన్నాడు. తీరా చూస్తే హత్య జరిగిన రాత్రి అతను తాగి పడిపోయి ఆసుపత్రిలో ఉన్నట్టు రికార్డులున్నాయి. అతన్ని ఆసుపత్రికి చేర్చిన అంబులెన్సు సిబ్బందే ఆ రాత్రి హతుడి దగ్గరికీ వెళ్లారు. కణాలు వాళ్ల చేతుల మీదుగా, పరికరాల మీదుగా ప్రయాణించాయి. ఆసుపత్రి రికార్డు లేకపోతే ఏమయ్యేదో మీరే ఊహించండి.

జర్మనీలో అయితే లేని మనిషి కోసమే ఏళ్ల తరబడి వెతికారు. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో హత్యల నుంచి చిల్లర దొంగతనాల వరకు 40 దాకా స్థలాల్లో ఒకే స్త్రీ డీఎన్ఏ దొరికింది. 2007లో హైల్‌బ్రాన్‌లో హత్యకు గురైన పోలీసు అధికారిణి కేసులోనూ అదే. చివరికి 2009లో తేలిందేమిటంటే, అది స్వాబులు తయారుచేసే చోట పనిచేసే ఒకామెది. స్వాబుల్లో క్రిములు లేకుండా చేశారు గానీ డీఎన్ఏ లేకుండా చేయలేదు. ఆ రెండూ ఒకటి కావు. ఆ తరువాతే ఇలాంటి వస్తువులకు ప్రత్యేక ప్రమాణం వచ్చింది. ఇప్పుడు మంచి ల్యాబులు తమ సిబ్బంది, క్లూస్ టీమ్ వాళ్ల ప్రొఫైళ్లు కూడా ఒక పక్కన పెట్టుకుని, ముందు వాటితో పోల్చి చూస్తాయి.

ఇక మీరు చేయాల్సింది. తమ్ముడు ఆ ఇంట్లో పని చేసినట్టు రుజువులు పోగుచేయండి: ఇంటి యజమాని ఫోన్ కాల్స్, కూలి డబ్బు ఫోన్‌లో వేసిన రసీదు, వైరు కొన్న బిల్లు. దొంగతనం జరిగిన సమయంలో తను ఎక్కడున్నాడో కూడా. కథ చెప్పేటప్పుడు ఏదీ దాచవద్దనండి. ఆ ఇంటికి ఎప్పుడూ వెళ్లలేదని భయంతో ఒక్కసారి అన్నా, డీఎన్ఏ కన్నా ఆ మాటే మెడకు చుట్టుకుంటుంది. లాయరును పెట్టుకోండి. ఆయన చేత మూడు సంగతులు అడిగించండి: నమూనా బోర్డు మీద సరిగ్గా ఎక్కడ తీశారు, ఫొటో ఉందా? అది రక్తమా, చర్మకణాలా? దొంగ తాకి తీరాల్సిన చోట్ల, అంటే బీరువా పిడి, విరిగిన తాళం, కిటికీ చువ్వల మీద తీసిన స్వాబుల్లో ఎవరి ప్రొఫైల్ వచ్చింది? బీరువా మీద మీ తమ్ముడిది లేకపోతే, అక్కడ వేరే మగవాడి ప్రొఫైల్ ఉంటే, దాన్ని పోల్చి చూడమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. అందినట్టు దాని నకలు మీద ముద్ర వేయించుకోండి.